ఇబుకి జెండా ఎత్తలేదు

మా హమసె రేవులో మనుషుల నోటి నుంచి రోజుకి వందసార్లు రాలే మాట ఒకటుంది: "తప్పైపోయింది." దుకాణంలోకి అడుగు పెడుతూ తప్పైపోయింది అంటాం. పక్కింటివాళ్ళు నాలుగు చేపలు పంపిస్తే గిన్నె అందుకుంటూ తప్పైపోయింది అంటాం. మన కాలు తొక్కినవాడికి కూడా మనమే ముందు ఆ మాట చెప్పి, ఆ తర్వాత కాలు చూసుకుంటాం. ఇందులో మర్యాద ఎంతో, అలవాటు ఎంతో నాకిప్పటికీ తెలియదు. అలాంటి ఊళ్ళో సునద ఇబుకి పుట్టింది, పెరిగింది, ఇంకా ఇక్కడే ఉంది.

ఇప్పుడామెకి ముప్పై ఆరేళ్ళు. చేపల వేలంపాట దగ్గర సూర చేప తోక కోసి, లోపలి కండ రంగు చూసి, అది ఏ రకమో తేల్చే పని ఆమెది. పడవ యజమాని ఎంతటివాడైనా రెండో రకం చేపని ఆమె చేత మొదటి రకం అనిపించలేడు. "కాస్త చూసి రాయమ్మా" అని బతిమాలితే, "చూసే రాశానండి" అంటుంది. పోయినేడు ఒకాయనకి ఒళ్ళు మండి నెత్తిమీది టోపీ తీసి నేలకేసి కొట్టాడు. ఇబుకి ఆ టోపీ తీసి, దులిపి, ఆయన చేతిలో పెట్టి, "టోపీ మొదటి రకమేనండి. చేపే రెండోది" అంది.

మొండిఘటం అంటారు కొందరు. పెంకి మనిషి అంటారు ఇంకొందరు. వాళ్ళింటి ఎదురుగానే నా క్షౌరశాల. ఆ పిల్ల నిక్కరేసుకుని తిరిగినప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి, మిగతాది ఆమే చెప్పగా విన్నవాణ్ణి. ఆ మొండితనం పుట్టుకతో వచ్చింది కాదని నేను ఎవరి ముందైనా చెప్తాను. అది ఫుట్‌బాల్ పెట్టిన భిక్ష.

చిన్నప్పుడు ఇబుకి అంత పిరికిపిల్ల మా వీధిలో ఇంకొకతి లేదు. వాళ్ళమ్మ యసుకో సూర చేపల్ని ఉడికించి, పొగబెట్టి, కట్టెల్లా ఎండబెట్టే షెడ్డులో పనిచేసేది. తండ్రి ఏడాదిలో తొమ్మిది నెలలు సముద్రం మీదే. ఒంటరిగా పిల్లని పెంచే తల్లికి ఊరితో తగువు పనికిరాదు కదా. అందుకని యసుకో కూతురికి మాటలు రాగానే నేర్పింది తల వంచడం. "వంచిన తల మీదుగా గాలి వెళ్ళిపోతుందే" అనేది. ఆ పిల్ల ఎదురుగా కుక్క వచ్చినా పక్కకి తప్పుకుని తప్పైపోయింది అనేది. నేను కళ్ళారా చూశాను, నవ్వాను కూడా.

తొమ్మిదో ఏట బడి జట్టులో ఒక మనిషి తగ్గితే ఇబుకిని కుడివైపు డిఫెండర్‌గా నిలబెట్టారు. కాళ్ళు పొడవు కాబట్టి ఎదుటివాళ్ళ దగ్గర్నుంచి బంతి చక్కగా లాక్కునేది. లాక్కున్న వెంటనే ఆగి, తల వంచి, తప్పైపోయింది అనేది. ఆమె తల ఎత్తేలోపు ఎదుటి పిల్ల ఆ బంతి తిరిగి తీసుకుని వెళ్ళిపోయేది. అప్పుడు ఇబుకి తన జట్టు వైపు తిరిగి వాళ్ళకీ అదే మాట చెప్పేది. ఒక్క బంతికి రెండు క్షమాపణలు. గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులు పొట్ట పట్టుకుని నవ్వేవారు.

ఇలా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు ఎవరో పొరుగూరి పిల్ల, ఇబుకి చేతిలో నాలుగోసారి బంతి పోగొట్టుకుని, ఆటమధ్యలో నిలబడి అరిచింది: "బంతి తీసింది చాలక మళ్ళీ నీ బోడి సారీ ఏంటే? తీశావుగా, పో." ఇబుకి తెల్లబోయి ఒక్క క్షణం చూసింది. తర్వాత బంతితో పోయింది. ఆ రోజు నుంచి మైదానంలో ఇబుకి నోరు వేరే రకంగా పనిచేయడం మొదలుపెట్టింది. బంతికి చేయి తగిలితే రెఫరీ ఈల వేయకముందే తనే చేయెత్తి "నాదే" అనేది. తగలకపోతే ఎవరెంత అరిచినా నిలబడి చూసేది. చేసినదాన్ని చేశానని చెప్పడం, చేయనిదాన్ని మీదేసుకోకపోవడం — పెద్దవాళ్ళం మేమెవ్వరం ఆ పిల్లకి నేర్పలేదు. నేర్పాలని మాకు తోచనైనా లేదు.

హైస్కూల్లో పందొమ్మిది మంది ఆడపిల్లల జట్టు; ఇబుకిది రెండో నంబరు చొక్కా. అందులో ఐదుగురు ఆఖరి సంవత్సరం వాళ్ళు. మా దగ్గర ఆఖరి సంవత్సరం పిల్లలు ఎండాకాలం పోటీలో ఎప్పుడు ఓడిపోతే అప్పుడు ఆట మానేసి పరీక్షల పుస్తకాలు పట్టుకోవాలి. ఆ ఓటమితో వాళ్ళ ఫుట్‌బాల్ అయిపోయినట్టే. ఆ ఏడు కెప్టెన్ ఓగురా సాయె. యసుకో పనిచేసే షెడ్డులో మేస్త్రి కూతురు. మైదానం మధ్యలో ఆడేది, గొంతు రేవు దాకా వినపడేది. జట్టుని చూసుకునే నిషిమోరి సార్ చరిత్ర పాఠాలు చెప్పే మనిషి. మంచివాడే, కానీ గొడవంటే ఆమడ దూరం పరిగెత్తే రకం.

చిన్న పోటీలకి మా దగ్గర రెఫరీలు దొరకరు. అందుకని ఒక ఆట జరుగుతుంటే, ఆడని జట్టు పిల్లలే గీత పక్కన జెండాలు పట్టుకోవాలి. అది ఎండలో నిలబడి తిట్లు తినే పని కాబట్టి పెద్దపిల్లలు చిన్నవాళ్ళ మీదికి తోసేస్తారు. ఇబుకి రెండో సంవత్సరంలో చేరగానే ఒకరోజు రెఫరీ శిక్షణకి వెళ్ళి బ్యాడ్జి తెచ్చుకుంది. జట్టులో ఆ బ్యాడ్జి ఉన్నది ఆమె ఒక్కదానికే. ఆమెకి ఆ పని నచ్చింది కూడా. గీత వెంట నడుస్తూ ఉంటే ఆట మొత్తం పక్కనుంచి, దారం లాగినట్టు కనిపిస్తుందనేది.

జూన్ ఆఖరి ఆదివారం, ఎండాకాలం పోటీలో ఆఖరి రోజు. మన పిల్లల ఆటలన్నీ అయిపోయాయి. పొరుగూళ్ళు ఒనాగి, మినొసె జట్ల మధ్య ఆఖరి ఆట ఒక్కటే మిగిలింది. ఒనాగి గెలిస్తే జిల్లా పోటీలకి ఒనాగి వెళ్తుంది. డ్రా అయితే మన జట్టు వెళ్తుంది. ఆ ఆటకి గీత పక్కన జెండా పట్టుకోవాల్సిన మనిషి పేరు ఏప్రిల్ నెలలోనే అచ్చువేసిన జాబితాలో ఉంది: సునద ఇబుకి.

వేరే దేశంలో అయితే ఎవడో ఒకడు నోరు తెరిచి, ఇదేం న్యాయమయ్యా అని అడిగి ఉండేవాడు. మా దగ్గర అచ్చయిన జాబితాని మార్చమనడం కంటే కొండని జరగమనడం సులువు. మారిస్తే ఎవరికో ఇబ్బంది, అడిగితే ఆ పిల్లని అనుమానించినట్టు. నిర్వాహకులు చూశారు, ఊరుకున్నారు. ఒనాగి వాళ్ళు చూశారు, ఊరుకున్నారు. నిషిమోరి సార్ ఒక్కరు దగ్గరికొచ్చి, "ఎండగా ఉంది, టోపీ పెట్టుకో" అన్నారు.

ఆట ముగియడానికి రెండు నిమిషాలుంది. చెరొక గోలు. ఇబుకి వెనకే గట్టు మీద మన పిల్లలు ఒకరి చేతులొకరు పట్టుకుని కూర్చున్నారు. అప్పుడు ఒనాగి పిల్ల ఒకతి మధ్యలోంచి బంతిని లోతుగా తన్నింది. ముందున్న పదకొండో నంబరు పిల్ల దూసుకుపోయింది. బంతి వదిలే క్షణానికి ఆ పిల్ల మినొసె డిఫెండర్లందరినీ దాటి ఉంటే ఆఫ్‌సైడ్, గోలు చెల్లదు. మినొసె వాళ్ళు వలపన్నినట్టు అందరూ ఒక్కసారి ముందుకు జరిగారు. ఒక్కతి తప్ప. అవతలి చివరనున్న పిల్లకి కాలి పిక్క పట్టేసింది. ఆ పిల్ల ఒక అడుగు వెనకే ఉండిపోయింది. గీత మీద నిలబడ్డ ఇబుకికి ఆ అడుగు కనిపించింది; పదకొండో నంబరు ఆఫ్‌సైడ్ కాదు.

మినొసె పిల్లలందరూ ఇబుకి వైపు తిరిగి చేతులెత్తారు. వెనకనుంచి ఓగురా గొంతు వచ్చింది: "ఆఫ్‌సైడ్. ఇబుకీ, ఎత్తవే."

చేతిలోని కర్ర ఒక్కటి పైకి లేపితే చాలు. ఎవరూ ఎందుకని అడగరు. సగం మంది ఆఫ్‌సైడనే అనుకుంటున్నారు. జిల్లా పోటీల్లో ఇబుకి కూడా ఆడుతుంది. అందుకోసం చలికాలమంతా తెల్లారకముందే లేచి కట్ట మీద పరిగెత్తిన పిల్ల ఆమె. ఎత్తాలని ఆమెకి అనిపించింది. చాలా గట్టిగా అనిపించింది. ఈ మాట ఆమె ఇరవై ఏళ్ళ తర్వాత నాతో చెప్పింది.

బంతి వలలో పడింది. రెఫరీ ఇబుకి వైపు చూశాడు. ఇబుకి జెండా కిందికే పట్టుకుని, గోలు చెల్లుతుందన్నట్టు మధ్యగీత వైపు పరిగెత్తింది. గట్టు మీద మన పిల్లల ఏడుపు ఆమె వీపుకి తగిలింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఇబుకి పక్క సీటు ఖాళీగానే ఉంది. సోమవారం బడిలో ఆమె పలకరిస్తే ఎవరూ పలకలేదు. మంగళవారం ఆమె బూట్లు మిగతావాళ్ళ వరసలోంచి తీసి విడిగా పెట్టారు. మా ఊళ్ళో ఎవర్నీ నోరెత్తి తిట్టరు. తిట్టినా బాగుండేది.

ఆమెతో చదివే మిదోరి, జట్టులోదే, ఒక్కతి ధైర్యం చేసి చెవిలో చెప్పింది. "పెద్దక్కల ముందు నిలబడి తప్పైపోయింది అనెయ్యవే. నోటి మాటేగా. నీ సొమ్మేం పోతుంది?"

"అదే పోతుంది" అంది ఇబుకి.

"ఏంటే నీ గొప్ప? అందరం అనట్లేదా?"

"అనేవాళ్ళు అనండి. నేను తప్పు చేస్తే తప్పంటా. చెయ్యని తప్పుని ఎక్కణ్ణుంచి తేను?"

బుధవారం నిషిమోరి సార్ వరండాలో ఆమెని ఆపారు. ఆయన చేతిలో తెల్ల కాగితం ఉంది.

"సునదా, ఒక్క మాట. ఓగురా వాళ్ళకి తప్పైపోయిందని చెప్పెయ్."

"ఏం తప్పు సార్?"

"తప్పని కాదు. వాళ్ళ మనసు కుదుటపడుతుంది."

"అది ఆఫ్‌సైడా సార్?"

ఆయన కిటికీ వైపు చూశారు. "కాదు."

"మరి?"

"నీదే కరెక్టు. కరెక్టుగా ఉంటూనే ఆ మాట అనొచ్చమ్మా. మనమంతా బతుకుతున్నది అలాగే."

"నా వల్ల కాదు సార్."

సార్ నుదురు రుద్దుకున్నారు. "శనివారం సాయంత్రం శరత్కాలం పోటీకి పేర్లు పంపాలి. మూడింటికి ప్రాక్టీసు. ఈలోపు ఆ ఒక్క మాట చెప్పేసి వచ్చావా, సరే. లేకపోతే కొన్నాళ్ళు విశ్రాంతి తీసుకో." విశ్రాంతి అన్న మాటకి మా బళ్ళో అర్థం పిల్లలందరికీ తెలుసు. పోయినేడు విశ్రాంతి తీసుకున్న పిల్ల మళ్ళీ మైదానంలో కనిపించలేదు.

ఇబుకి ఆ మూడు రోజులూ ఒంటరిగా గోడకి బంతి కొట్టుకుంది. మాట చెప్తే ఆట ఉంటుంది, చెప్పకపోతే పోతుంది. ఆట పోతే తనకి ఇంకేమీ లేదు. అది తెలిసి కూడా శుక్రవారం ఓగురా ఎదురుపడితే మామూలుగా నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది తప్ప ఆ మాట అనలేదు.

శనివారం పదకొండింటికి యసుకో నల్ల కోటుతో, మెడలో ముత్యాల దండతో ఇంట్లోకి వచ్చింది. ఆ నల్ల కోటు ఆమె వేసుకునేది చావులకీ, క్షమాపణలకీ మాత్రమే.

"ఎవరమ్మా పోయింది?" అంది ఇబుకి.

"ఎవరూ పోలేదు. నీ పరువు పోబోతుంటే ఆపి వచ్చాను." యసుకో బూట్లు విప్పుతూ చెప్పింది. "ఆఖరి సంవత్సరం పిల్లల ఐదిళ్ళకీ వెళ్ళాను. ఇంటికో మిఠాయి డబ్బా ఇచ్చి, మా పిల్ల తెలియక చేసిందని తల వంచి వచ్చాను. ఇంక నువ్వేం అనక్కర్లేదు. మూడింటికి ఆటకి పో."

ఇబుకి అన్నం గిన్నె కింద పెట్టింది. "తెలియక చేశానా?"

"ఏదో ఒకటి అనాలిగా."

"తెలిసే చేశాను. చూసి చేశాను. ఆ మాట నీకు మొదటి రోజే చెప్పాను."

"నీకేం తల్లీ, నువ్వు చెప్తావు. పొద్దున లేస్తే ఆ మేస్త్రి మొహం చూడాల్సింది నేను."

"మేస్త్రి ఏమన్నా అన్నాడా?"

"ఏమీ అనలేదు. అనకపోతేనే కదే భయం. ఒంగింది నా నడుము. నీకేం నొప్పి?"

ఇబుకికి ఏడుపు ముంచుకొచ్చింది. ఆపుకోలేదు. "నేనూ ఓడిపోయానమ్మా. అది ఎవరికీ గుర్తు లేదు. ఆ జెండా ఎత్తితే నేనూ వెళ్ళేదాన్ని. ఎత్తెయ్యాలని చెయ్యి పీకింది. ఎత్తలేదు. జట్టు పోయింది, స్నేహితులు పోయారు, నా దగ్గర మిగిలింది ఆ ఎత్తకపోవడం ఒక్కటే. దాన్ని కూడా నువ్వు ఐదు డబ్బాల్లో పెట్టి ఊరికి పంచిపెట్టావు."

ఇబుకి కళ్ళు తుడుచుకుని సైకిల్ తాళం తీసుకుంది.

"ఎక్కడికే?"

"తెచ్చుకోడానికి."

"ఇచ్చినవి తిరిగి అడుగుతావా? ఊళ్ళో తలెత్తుకోగలమా?"

"ఇప్పుడు మాత్రం ఎత్తుకునే ఉన్నామా?" అంది ఇబుకి, తలుపు తీస్తూ.

హమసె పుట్టినప్పటి నుంచి ఇచ్చిన మిఠాయి డబ్బాని వెనక్కి అడిగిన మనిషి లేడు. ఇల్లు తగలబడిపోయినా అడగరు. ఆ మధ్యాహ్నం నేను కొట్టు ముందు నిలబడి ఆ పిల్ల సైకిల్ తొక్కుతూ వెళ్ళడం చూశాను. ఎక్కడికి వెళ్తోందో తెలిసుంటే నేనూ ఆపేవాణ్ణి; నేనూ ఈ ఊరివాణ్ణే కదా.

మొదటి ఇల్లు గోల్‌కీపర్‌ది. ముసలి నాయనమ్మ తలుపు తీసింది. విషయం విని, "అయ్యో, డబ్బా తాతయ్య ఫొటో ముందు పెట్టేశామే. పోయినవాళ్ళకి పెట్టింది ఎలా తీస్తాం?" అంది. ఇబుకి లోపలికి వెళ్ళి, ఫొటో ముందు కూర్చుని, చేతులు జోడించి, "తాతయ్యా, ఇది తప్పుడు చిరునామాకి వచ్చింది, తీసుకెళ్తున్నాను" అని చెప్పి డబ్బా తీసింది. ముసలమ్మ ఫొటో వైపు చూసి, "ఆయన ఎప్పుడైనా దేనికైనా అడ్డుపడ్డాడు గనకనా" అంది.

రెండో ఇంట్లో తండ్రి నోట్లో పూర్ణం బన్ను ఉంది. ఎర్ర గింజల పూర్ణం మూతికంటుకుని ఉంది. డబ్బాలో పన్నెండింటికి ఏడే మిగిలాయి. ఆయన కంగారుపడిపోయి, "తినేశానమ్మా, తప్పైపోయింది, తప్పైపోయింది" అంటూ మిగిలినవి చుట్టి ఇచ్చాడు. "పర్వాలేదండి, మీరు తిన్నారు, అంతేగా" అంది ఇబుకి.

మూడో ఇంటి పిల్ల తనే వచ్చింది. "పెద్ద నిజాయితీపరురాలివి బయల్దేరావే. నీ జెండాకి దణ్ణం పెట్టాలా?" అని డబ్బాని మెట్టు మీదికి విసిరింది. మూల నొక్కుకుపోయింది. ఇబుకి వంగి తీసుకుని, "దణ్ణమేం వద్దక్కా, డబ్బా చాలు" అంది. నాలుగో ఇంట్లో ఎవరూ లేరు. డబ్బా తలుపు పిడికి తగిలించిన సంచిలోనే ఉంది. పక్కింటావిడ కిటికీలోంచి గుడ్లురిమి చూస్తుంటే, "మాదేనండి, మేమే పెట్టాం, మేమే తీస్తున్నాం" అని కేకేసి చెప్పి తీసుకుంది.

ఐదోది ఓగురా ఇల్లు. ఆమె చేపల షెడ్డులో ఉందన్నారు. ఇబుకి అక్కడికి చేరేసరికి మూడయింది. మైదానంలో ఈల వేసే వేళ. పోతే పోనీ అనుకుని సైకిల్ గోడకి ఆనించింది.

షెడ్డు నిండా పొగ. ఓగురా రబ్బరు బూట్లేసుకుని, జల్లెడల మీది చేప ముక్కల్ని ఒక్కొక్కటే తిరగేస్తోంది. మేస్త్రి లోపల పొయ్యి దగ్గర కట్టెలు సర్దుతున్నాడు.

"మా అమ్మ ఇచ్చిన డబ్బా కావాలక్కా" అంది ఇబుకి.

"అదిగో, బల్ల మీద. నాన్న ఇక్కడికే తెచ్చాడు. విప్పలేదు." ఓగురా తలెత్తలేదు. "ఎందుకు?"

"తప్పైపోయిందని ఇచ్చింది. నేను తప్పు చెయ్యలేదు. అందుకని."

ఓగురా ఒక వరసంతా తిరగేసింది. "అటు చివర పిల్ల" అంది.

"ఏ పిల్ల?"

"మినొసె పిల్ల. పిక్క పట్టుకుని ఒంగింది. బంతి తన్నకముందే చూశాను. చూసి కూడా ఆఫ్‌సైడని అరిచాను."

ఇబుకికి కాళ్ళలోంచి కోపం పైకి వచ్చింది. "వారం రోజులయింది. ఎవరికీ చెప్పలేదేం?"

"చెప్తే నేనేం చేశానో కూడా చెప్పాలిగా. నిన్ను తిట్టుకోవడం తేలిక." ఓగురా చేతి గ్లవుజుతో మొహం తుడుచుకుంటే మసి అంటుకుంది. "నువ్వెత్తి ఉంటే నిన్ను కావలించుకుని ఏడ్చేదాన్ని. జిల్లా పోటీలు ఆడేదాన్ని. నాకింకా నీ మీద కోపంగానే ఉంది. చాలా రోజులు ఉంటుంది, నేనేం చెయ్యలేను. కానీ నాతో తప్పైపోయింది అని మాత్రం ఎప్పుడూ అనకు."

"అనడానికి రాలేదు."

"విను. నువ్వా మాట అన్నావనుకో, మా ఆఖరి ఏడు ఎవరి పొరపాటు వల్లో పోయినట్టు. అనకపోతే గోలు పడి పోయినట్టు. గోలు పడి ఓడిపోయానని నేను ఎవరికైనా చెప్పుకోగలను."

ఇబుకి ఏదో అనబోయింది. లోపల్నుంచి మేస్త్రి గొంతు వచ్చింది. "ఆ చివరి వరస మాడిపోతోంది. కబుర్లు తర్వాత." ఇంకో కట్టె పొయ్యిలోకి తోసి, "సునద వాళ్ళ పిల్లా, ఆ నల్ల కోటు దాచిపెట్టి సోమవారం ఎప్పటిలాగే పనికి రమ్మని మీ అమ్మకి చెప్పు. కోటేసుకుని వస్తే చేపలు భయపడతాయి" అన్నాడు.

ఓగురా ఇంకో జల్లెడ లాక్కుంది. "ప్రాక్టీసుకి పో. సార్ అడిగితే నేను పంపానని చెప్పు."

"నువ్వు పంపావని వెళ్ళనక్కా. నా ఆట కాబట్టి వెళ్తాను" అంది ఇబుకి. ఓగురా మొదటిసారి తలెత్తి చూసింది. నవ్విందని నేను చెప్పను. నవ్వలేదట.

ఇబుకి మైదానం చేరేసరికి నాలుగు కావడానికి పావుగంట తక్కువ. హ్యాండిల్‌కి ఐదు డబ్బాల సంచి వేలాడుతోంది. నిషిమోరి సార్ బెంచీ మీద పేర్ల కాగితం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. పిల్లలు పాసులు ఆపేసి చూశారు. మిదోరి కాలికింద బంతి ఆగిపోయింది.

ఇబుకి తిన్నగా సార్ ముందుకి వెళ్ళింది. టోపీ తీసింది. కాళ్ళు దగ్గరగా పెట్టి, చేతులు పక్కకి ఆనించి, నడుము దాకా వంగింది. గట్టు అవతలివాళ్ళకి కూడా వినపడేంత గట్టిగా చెప్పింది.

"ప్రాక్టీసు మూడింటికి సార్. నలభై ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చాను. తప్పైపోయింది."

అందరూ ఎదురుచూశారు. సార్ కూడా ఎదురుచూశారు. ఆ పిల్ల అలాగే వంగి, చేసిన ఆలస్యానికి ఎంతసేపు వంగాలో అంతసేపూ వంగి, లేచి నిలబడింది.

"ఇంకేమైనా చెప్పేదుందా?" అన్నారు సార్.

"లేదు సార్."

నిషిమోరి సార్ ఆమె మొహంలోకి చూశారు. ఆయన మొహం మెల్లగా ఎర్రబడింది. తలదించుకుని కాగితం వైపు చూసి, పెన్ను మూత తీశారు.

"ఆలస్యానికి పది రౌండ్లు" అన్నారు.

"సరే సార్" అని ఇబుకి పరుగు అందుకుంది. ఆమె మొదటి మూల తిరిగేసరికి, ఖాళీగా వదిలిన రెండో నంబరు ఎదుట ఆయన సునద ఇబుకి అని రాశారు.